హార్డు డిస్కుకు చెవి ఒగ్గిన భాయ్

భాయ్ మా ఫోటో స్టూడియోకి వస్తే మొదట చెప్పులు విప్పేవాడు. తరువాత షట్టరు పక్కనున్న ఇనుప కమ్మీని అరచేత్తో తాకి ఒక క్షణం నిలబడేవాడు. అప్పుడు లోపలికి వచ్చి, "ఫ్యాన్ ఆపండమ్మా" అనేవాడు. ఎండాకాలం పుత్తూరులో ఫ్యాన్ ఆపమంటే ఎవరికైనా ప్రాణం మీదికి వస్తుంది. అయినా ఆపేవాళ్లం. ఆయన వినాలి కదా.

పోయిన నెల భాయ్ చనిపోయాడు. ఆయన పేరు ఇక్కడ రాయను. పేరు పెట్టి పిలిచినవాళ్లు మా బజారులో ఎవరూ లేరు కూడా. బస్టాండులో దిగి "కంప్యూటర్ భాయ్" అంటే చాలు, అరటిపండ్లు అమ్మే ఆమె కూడా తక్కెడ దించకుండానే గడ్డంతో సందు చూపించేది.

ఆ ఇనుప కమ్మీ సంగతి నాకు చాలాకాలం అర్థం కాలేదు. మనం గడపకు మొక్కినట్టు వాళ్లలో ఇదొక అలవాటేమో అనుకున్నాను. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"యాడికి పోయినా ఇనుమును తాకతావే భాయ్, ఏమన్నా మొక్కుబడా?"

ఆయన నవ్వాడు. పైవరసలో ఒక పన్ను లేదు. నవ్వినప్పుడల్లా అక్కడ చెయ్యి అడ్డం పెట్టుకునేవాడు.

"మొక్కుబడి కాదమ్మా. మన ఒంట్లో రవ్వంత కరెంటు ఉంటాది. మనకు తెల్దు. దాన్ని మోసకొచ్చి ఆ బిడ్డకు తగిలిస్తాము. అది తట్టుకోల్యాదు. అందుకే ముందరే ఇనుముకు ఇచ్చేసి వస్తా."

బిడ్డ అంటే హార్డు డిస్కు. కంప్యూటర్ డబ్బా లోపల అరచేయంత ఇనుప పెట్టె ఒకటి ఉంటుంది. మనం దాచుకున్న ఫోటోలు, వీడియోలు, కాగితాలు అన్నీ అందులోనే ఉంటాయి. మిగతా భాగాలన్నింటినీ ఆయన "సామాను" అనేవాడు. ఇదొక్కటే బిడ్డ. "సామాను పోతే కొనుక్కోవచ్చు. బిడ్డ పోతే?" అనేవాడు.

మనిషి సన్నగా ఉండేవాడు. మోచేతుల దాకా మడిచిన పొడుగు చొక్కా, దాని జేబులో రెండు స్క్రూడ్రైవర్లు, చిన్న టార్చి, కాగితంలో చుట్టిన బెల్లం ముక్క. షుగరు జబ్బు ఉంది. టీ చక్కెర లేకుండా తాగేవాడు, తాగిన వెంటనే బెల్లం ముక్క నోట్లో వేసుకునేవాడు.

"ఇదేం పథ్యం భాయ్?" అని నేను నవ్వితే, "డాక్టరు చక్కెర వద్దన్నాడమ్మా. బెల్లం పేరు ఆయప్ప ఎత్తనే లేదు, నేనెందుకు గుర్తు సెయ్యాల?" అనేవాడు.

వాళ్ల నాయన అదే సందులో, అదే అంగట్లో గడియారాలు, రేడియోలు బాగుచేసేవాడట. గడియారం ఏ జబ్బుతో వచ్చినా ముందు మూత తెరవనిచ్చేవాడు కాదట, చెవికి ఆనించుకుని రోగం చెప్పమనేవాడట. తప్పు చెప్తే చెవి మెలిపెట్టేవాడు. "మా నాయన మెలిపెట్టి మెలిపెట్టి ఈ చెవి పెద్దదైపోయింది సూడండి" అని కుడిచెవి చూపించేవాడు. నిజంగానే కొంచెం పెద్దదిగా అనిపించేది.

ఆ చెవితోనే డిస్కుల జబ్బు కనిపెట్టేవాడు. కంప్యూటర్ డబ్బా పక్క రేకు విప్పి, పొడుగాటి స్క్రూడ్రైవరు మొన డిస్కు మీద ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. ఫ్యాన్ ఆగిపోయిన గదిలో మేమంతా చెమటలు కక్కుతూ ఆయన మొహంలోకి చూస్తూ నిలబడేవాళ్లం. పాస్‌పోర్టు ఫోటోకని వచ్చిన ఒకాయన దగ్గితే, కళ్లు తెరవకుండానే వేలు ఎత్తాడు. పాపం, ఆయన మిగతా దగ్గును గొంతులోనే దాచుకుని ఎర్రబడిపోయాడు.

"మంచి డిస్కు పొట్ట నిండిన పిల్లోడు నిద్రపోయినట్టు గుర్రుమంటాది. పోయేదానికి సిద్ధమైన డిస్కు టిక్కుమంటాది. ఆగతాది. మళ్లా టిక్కుమంటాది. లోపలుండే సూది తన సోటు మర్చిపోయి, సీకట్లో తలుపు కోసం మనిషి గోడ తడుముకున్నెట్టు తడుముకుంటాది" అని ఒకసారి నాకు విడమరిచి చెప్పాడు. స్క్రూడ్రైవరు నా చేతికిచ్చి విననిచ్చాడు కూడా. నాకు గుర్రు వినిపించింది. నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. ఒక పనిముట్టు లోపలి సంగతి ఒకరు నన్ను కూర్చోబెట్టి చెప్పడం అదే మొదటిసారి.

చెవి ఒక్కటే కాదు, ప్రశ్నలు కూడా వేసేవాడు. మా ఊళ్లో ఎముకలకు కట్టు కట్టేవాళ్లు విరిగిన చేతిని ముట్టుకోకముందు ఎట్లా పడ్డావు, ఏ చెయ్యి ముందు ఆనింది అని అడుగుతారు చూడండి, ఆ తీరు. "ఫోటో తెరిచేదానికి నిన్నటికంటే ఈపొద్దు జాస్తి సేపు పడతాందా? దానంతట అదే ఆరి లేస్తాందా? ఉన్న ఫైలు లేదంటాందా? లేచేటప్పుడు నల్ల తెర మీద అక్షరాలొచ్చి నిలిసిపోతాందా?" వీటిలో రెండింటికి అవునంటే ఆయన మొహం మారిపోయేది.

యంత్రాన్ని తిట్టడానికి ఉర్దూ, బతిమాలడానికి తెలుగు. ప్రింటరును, మానిటరును ఉర్దూలో కడిగేసేవాడు. డిస్కు దగ్గరికి వచ్చేసరికి "ఈ ఒక్కసారి లేయ్ నాయనా, ఒక్క అరగంట కండ్లు తెరిసి ఉండు, తరువాత నీ ఇష్టం" అని తెలుగులో గొణిగేవాడు.

ఎవరో ఆయనకు ఒక డిస్కు తెచ్చిచ్చారట. ముట్టుకుంటే చల్లగా, పుల్లటి వాసన. ఏందప్పా ఇది అంటే, సెల్లులో ఎవరో చెప్పారని రాత్రంతా ఫ్రిజ్‌లో ఇడ్లీపిండి పక్కన పెట్టారట. "జ్వరమొచ్చిందనుకున్నారు ఖర్మ" అని తల కొట్టుకునేవాడు. ఇంకొకరు తట్టితే రోగం పోతుందని చపాతీ కర్రతో తట్టారట. ఈ కథలు చెప్పేటప్పుడు నవ్వేవాడు కానీ, చివర్లో ఎప్పుడూ ఒకే మాట: "అది సెప్పే పోతాదమ్మా. మనమే వినం."

మా ఆయనకు ఇంకో మాట చెప్పేవాడు. మా ఆయన పెండ్లిండ్లకు ఫోటోలు తీస్తాడు, నేను స్టూడియోలో కూర్చుని పాస్‌పోర్టు ఫోటోలు తీసిస్తాను, ఆల్బమ్ పనులు చూసుకుంటాను. "ఇంకో డిస్కు తెచ్చుకుని రెండో కాపీ పెట్టుకోప్పా. ఒక్క సోట ఉండేది ఉన్నెట్టు కాదు. ఇంకా పోలేదని అర్థం, అంతే" అనేవాడు భాయ్. మా ఆయన "ఈ సీజను అయిపోనీ భాయ్" అనేవాడు. పెండ్లిండ్ల సీజన్లు వస్తూనే ఉన్నాయి, పోతూనే ఉన్నాయి.

అసలు సంగతికి వస్తాను. ఇంతసేపూ దాని చుట్టూ తిరుగుతున్నానని నాకూ తెలుసు.

ఏడేండ్ల కిందటి మాట. ఆ ఏడు వినాయకచవితి అయినప్పటినుంచి మా కంప్యూటర్ మొండికేసింది. ఫోటో తెరిస్తే పై సగం పెండ్లికూతురు కనిపించేది, కింది సగం బూడిదరంగు. ఒకరోజు నేను ఒక్కదాన్నే ఉన్నప్పుడు ఫ్యాన్ ఆపి చెవి పెట్టాను. టిక్. కొంచెం ఆగి, టిక్. వెంటనే భాయ్‌కి ఫోన్ చేశాను.

అప్పుడు అందులో శ్రావణమాసపు పెండ్లి ఒకటి ఉంది. నగరి వైపు వాళ్లది. స్టూడియోకి వచ్చి కంప్యూటర్‌లో చూసి ఆల్బమ్‌కి ఫోటోలు ఎంచుకొమ్మని చెప్పి రెండు నెలలు. పెండ్లికూతురి వాళ్లు ఎంచినవి పెండ్లికొడుకు వాళ్లకు నచ్చవు, వాళ్లు ఎంచినవి వీళ్లకు నచ్చవు. ఈలోగా కెమెరా కార్డులు తుడిచేసి ఇంకో పెండ్లికి వాడేశాం. ఆ పెండ్లి మొత్తం ఆ ఇనుప పెట్టెలో తప్ప ఈ లోకంలో ఇంకెక్కడా లేదు.

ఆయుధపూజ మూడు రోజులుందనగా భాయ్ వచ్చాడు. చెప్పులు, ఇనుప కమ్మీ, ఫ్యాన్. చాలాసేపు విన్నాడు. తరువాత తెర మీద ఏదో తెరిచి చూసి, చిన్న నోటుబుక్కులో ఒక అంకె రాసుకున్నాడు.

"ఏం రాసుకుంటాండావు భాయ్?" అన్నాను.

"ఇది పుట్టినప్పటినుంచి ఎన్నిసార్లు నిద్ర లేసిందో అదే లెక్క పెట్టుకుంటాదమ్మా. అడిగితే సెప్తాది."

"మా అత్త మాదిరి. నేను ఎన్నిసార్లు పుట్టింటికి పోయినానో ఆయమ్మ దగ్గర అట్టే లెక్క ఉండేది."

చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు. నవ్వు అయిపోగానే కంప్యూటర్ ఆపి, ప్లగ్గు పీకేశాడు.

"ఇంగ దీన్ని లేపొద్దు. ఇంకెన్నిసార్లు లేస్తాదో సెప్పలేను. ఒక్కసారే అనుకోండి. ఆ ఒక్కసారి నా చేతిలో లేవాల. లేసిన వెంటనే లోపలుండేదంతా ఇంకో డిస్కుకు తోడేస్తా. అంత పెద్ద ఖాళీ డిస్కు నా కాడ లేదు, తిరపతి పోయి తెస్తా. దీన్ని ఇప్పుడే విప్పి తీసకపోతా."

స్క్రూడ్రైవరు ఎత్తాడు. అప్పుడు నోరు తెరిచింది నేనే.

"ఇప్పుడా? పూజకు మూడు దినాలుండాది భాయ్. పూజకు ముందర పనిముట్టు అంగడి దాటకూడదు. పూజ అయిన మరసనాడు తీసకపో."

భాయ్ మా ఆయన వైపు చూశాడు. మా ఆయన, "ఆయమ్మ సెప్పినాక ఇంగ నేను సెప్పేదేముండాది భాయ్? నువ్వు తిరపతి పోయి డిస్కు తెచ్చేలోపల పూజ కూడా అయిపోతాది గదా" అన్నాడు.

భాయ్ స్క్రూడ్రైవరును ఒకసారి చేతిలో తిప్పి జేబులో పెట్టేశాడు. "సరే, మీ పూజ మీది. స్విచ్చి జోలికి మాత్రం పోవద్దు" అని, వేలికి గాయమైతే వేసుకునే ప్లాస్టరు ముక్క తీసి కంప్యూటర్ స్విచ్చి మీద అంటించాడు. "పుత్తూరోళ్లం గదా, కట్టు కట్టకపోతే ఎట్టా?" అన్నాడు.

పూజ రోజు మా ఆయనను మిల్లువాళ్లు వాళ్ల పూజ ఫోటోలకు పిలిచారు. "నువ్వు కానిచ్చేయ్" అని వెళ్లిపోయాడు. నేను అంగడి కడిగి, ముగ్గు వేసి, కెమెరా, స్టాండ్లు, లైట్లు, కాగితాల కత్తెర, ప్రింటరు, కంప్యూటర్ అన్నింటికీ పసుపు, కుంకుమ పెట్టాను. బూడిదగుమ్మడికాయ కొట్టాను. హారతి ఇచ్చాను.

మాలో ఒక పద్ధతి ఉంది. హారతి అయ్యాక ప్రతి పనిముట్టునూ ఒకసారి ఆడించాలి. కుట్టుమిషనైతే ఒక చుట్టు తిప్పుతారు, బండి అయితే నిమ్మకాయల మీద నడుపుతారు. అట్లా ఆడిస్తేనే ఏడాదంతా ఆగకుండా ఆడుతుందని. నేను కెమెరా ఒకసారి నొక్కాను. కత్తెరతో కాగితం కత్తిరించాను. లైట్లు వేసి ఆర్పాను. అన్నీ ఆడాయి, కంప్యూటర్ ఒక్కటే బొట్టు పెట్టుకుని చీకటి మొహంతో కూర్చుని ఉంది. ఇంటికి అన్నం పెట్టే పనిముట్టు పూజ నాడు చచ్చినట్టు పడి ఉంటే నా మనసు ఒప్పుకోలేదు. దేవుడి ముందు ఒక్క నిమిషం వెలిగి ఆరితే ఏమవుతుందిలే అనుకున్నాను. దానికి రోగం ఉంది కాబట్టే దానికి ఈ పూజ ఇంకా ఎక్కువ అవసరం అని కూడా అనుకున్నాను.

ప్లాస్టరు పీకి, ప్లగ్గు పెట్టి, స్విచ్చి నొక్కాను.

వెలిగింది. దండం పెట్టుకున్నాను. తరువాత తెర నల్లబడి అక్కడే నిలిచిపోయింది. టిక్, టిక్, టిక్ అని గబగబా కొట్టుకుంది. భయపడి ఆపేశాను. నిలిచిపోయిన దాన్ని అట్లాగే వదిలేస్తే అపశకునం అనిపించి మళ్లీ వేశాను. మళ్లీ అంతే. మూడోసారి వేశాను. ఈసారి టిక్కుమని కూడా అనలేదు, పిల్లి గీరినట్టు ఒక చప్పుడు వచ్చింది. ప్లగ్గు పీకేసి, ప్లాస్టరును ఉన్నచోటే అతికించాను. పసుపు చేతులతో.

మరుసటి రోజు భాయ్ వచ్చి డిస్కు విప్పుకున్నాడు. నేను కూడా వెంటే ఆయన అంగడికి వెళ్లాను. ఇంట్లో ఉండలేకపోయాను. తిరుపతి నుంచి తెచ్చిన కొత్త డిస్కు బల్ల మీద సిద్ధంగా ఉంది. మాది తన కంప్యూటర్‌కి తగిలించి, "లేయ్ నాయనా" అన్నాడు. ఒక్క క్షణం తెర మీద దాని పేరు, దాని లెక్క కనిపించాయి. అంతే. గీరిన చప్పుడు, తరువాత ఏమీ లేదు.

భాయ్ నోటుబుక్కు తీశాడు. మొన్న రాసుకున్న అంకె చూశాడు. అందులో ఒకటి కలిపితే ఎంత రావాలో నాకే తెలిసినప్పుడు ఆయనకు తెలియదా? తెర మీద కనిపించింది రాసుకున్నదానికంటే నాలుగు ఎక్కువ. నోటుబుక్కు మూసి జేబులో పెట్టుకుని నా వైపు చూడకుండా అడిగాడు.

"మధ్యలో కరెంటు గానీ పోయి వచ్చిందామ్మా?"

ప్లగ్గు తానే పీకిపెట్టిన మనిషి. కరెంటు పోతేనేం, వస్తేనేం దానికి? నాకు దాక్కోవడానికి ఒక మూల చూపించాడు, అంతే. నేను వెళ్లి ఆ మూలలో నిలబడ్డాను.

"తెల్దు భాయ్" అన్నాను.

"సరే" అన్నాడు.

నాలుగు రోజులు దాంతో కుస్తీ పట్టాడు. చెన్నైలో ఎవరికో పంపించి చూశాడు. లోపల సూది, ఫోటోలన్నీ ఉండే పలక మీద గీసేసింది, ఇక రాదన్నారు. ఆ సంగతి చెప్పడానికి మా స్టూడియోకి వచ్చినరోజే నగరి నుంచి పెండ్లికూతురి తండ్రి వచ్చాడు, ఫోటోలు ఎంచిన చీటీ పట్టుకుని.

"ఒక్క బిడ్డప్పా నాకు!" ఆయన కేకలకు పక్క అంగళ్లవాళ్లంతా వచ్చేశారు. "మళ్లీ పెండ్లి సేసేదా ఇప్పుడు? పందిరి ఏసి, అందర్నీ పిలిసి మళ్లీ సేసేదా? సెప్పు!"

మా ఆయనకు దిక్కు తోచలేదు. భాయ్ వైపు చెయ్యి చూపించాడు. "నాదేముండాదన్నా ఇందులో? మెల్లగానో తొందరగానో నా కాడ ఆడతాండింది. ఈ భాయ్ విప్పినాడు, పోయింది. అడుగు ఆయన్నే!"

భాయ్ నా వైపు ఒక్కసారి చూశాడు. చూసి చూపు తిప్పుకున్నాడు. నేను ఏం చేశానో తెలుసా? పెండ్లికూతురి తండ్రికి మజ్జిగ తెస్తానని లోపలికి వెళ్లాను. మజ్జిగలో ఉప్పు వేసి, అది కరిగేదాకా గరిటెతో తిప్పుతూ నిలబడ్డాను. భాయ్ గొంతు బయటినుంచి వినిపించింది.

"నా చేతిలో పోయింది పెద్దాయనా. తప్పు నాది. ఏమన్నా అనాలంటే నన్నే అనండి."

అన్నాడు. ఆ పెద్దాయన అనాల్సినవన్నీ అన్నాడు. ఉప్పు ఎప్పుడో కరిగిపోయింది.

ఆ తరువాత మా బజారులోని స్టూడియోలు, నెట్ సెంటర్లు ఆయనకు డిస్కులు ఇవ్వడం మానేశాయి. "ఆ భాయ్ చెయ్యి పెడితే ఉండేది కూడా పోతాది" అన్న మాట ఒకటి పుట్టింది. మా ఆయన ఆ కథను ఎవరు కూర్చున్నా చెప్పేవాడు. చెప్పినకొద్దీ అది గట్టిపడింది. భాయ్ చార్జర్లు, సెల్లులు, అంగళ్లలో సీసీ కెమెరాలు బిగించే పనిలో పడ్డాడు. ఎవరైనా తెలియక డిస్కు పట్టుకొస్తే "ఇప్పుడు చెవి సరిగా వినపడదప్పా" అని పంపించేసేవాడట. ఆ చెవికి ఏమీ కాలేదని నాకు తెలుసు. బజారులో ఎదురైతే "బాగుండావామ్మా" అని ముందు ఆయనే పలకరించేవాడు. ఎంత మెల్లగా అన్నా నాకు వినిపించేది.

మూడేండ్ల కిందట తిరుపతి బస్టాండులో పుత్తూరు బస్సు కోసం కూర్చుని ఉంటే, ఆయన వచ్చి అదే బెంచీ చివర కూర్చున్నాడు. ఇద్దరమే. ఇప్పుడు కాకపోతే ఇక లేదనుకున్నాను.

"భాయ్, ఆ దినం పూజలో నేను..."

"తెలుసమ్మా" అన్నాడు. "మూడుసార్లు."

నా కళ్లలో నీళ్లు వచ్చేశాయి. "తెలిసి ఎందుకు సెప్పలేదు అంతమంది ముందర?"

"సెప్తే ఏమయ్యుండేది? నగరాయన పెండ్లి తిరిగొస్తాదా?" బస్సులు వచ్చే వైపు చూస్తూ అన్నాడు. "నాకు మాట పడితే అంగట్లో పడతాది. సాయంత్రానికి షట్టరు దించి ఇంటికి పోతా. నీకు మాట పడేది ఇంట్లో. నువ్వు యాడికి పోతావు?"

"ఇప్పుడన్నా మా ఇంటాయనకు సెప్తా భాయ్. ఈపొద్దే సెప్తా."

"సెప్పుకో, సెప్పుకోకపో. అదో బస్సు. ముందు సీటు పట్టుకో పో."

ఆరోజు చెప్పలేదు. మరుసటి రోజూ చెప్పలేదు. మా ఆయనకు పని బాగా నడుస్తోంది, మనిషి సంతోషంగా ఉన్నాడు, ఎందుకు కెలకడం అనుకున్నాను. ప్రతిసారీ ఏదో ఒకటి అనుకునేదాన్ని.

పోయిన నెల ఒకరోజు పొద్దున మసీదు మైకులో భాయ్ పోయాడని చెప్పారు. నిద్రలోనే పోయాడట. మా ఆయన ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగాడు.

"పోయి రాగూడదా?" అన్నాను.

"నేను రాను మే. ఆయప్ప సేసిన పనికి నగరాయన కాళ్లు పట్టుకున్నా నేను" అన్నాడు.

అప్పుడైనా చెప్పొచ్చు. శవయాత్ర కదలడానికి ఇంకా మధ్యాహ్నం దాకా సమయం ఉంది. నేను ఇంకో దోసె వేశాను. జనాజా మా స్టూడియో ముందునుంచే వెళ్లింది. బజారులో అందరిలాగే మా ఆయన కూడా షట్టరు సగం దించాడు. లోపలే నిలబడ్డాడు.

మూడో రోజు భాయ్ ఇంటికి వెళ్లాను. ఆయన భార్యను నేను పెద్దగా ఎరగను. చాప మీద కూర్చోబెట్టింది. నేను ఏ స్టూడియో దాన్నో తెలిసి, చేతులు పట్టుకుంది.

"మీకు ఆ నష్టం సేసినప్పటినుంచి నేను ఆయన్ను నిమ్మళంగా అన్నం తిననీలేదమ్మా" అంది. "చేతగాని పనిలో చెయ్యెందుకు పెట్టినావు, ఉండే బేరం కూడా పోగొట్టినావు అని సాధించినా. ఒక్క మాట ఎదురు చెప్పలేదు. తల వంచుకుని తినేసి లేసేవాడు."

అంగట్లో పడిన మాట అంగట్లోనే ఉంటుందని నాతో అన్నాడు ఆయన. బస్టాండులో బస్సుల వైపు చూస్తూ అన్నాడు. ఇంటికి వెళ్తే ఆ మాటే గిన్నెలో వడ్డించుకుని ఎదురుచూస్తూ ఉండేదని నాకు చెప్పలేదు.

చెప్పేశాను. పూజ, ప్లాస్టరు, మూడుసార్లు, మజ్జిగ, అన్నీ. ఆమె నా చేతులు వదిలేసింది. కోపంగా లాక్కోలేదు. పక్కన పెట్టినట్టు వదిలేసింది. "నాకెందుకమ్మా ఇప్పుడు చెప్పడం? నేనింక ఎవర్ని క్షమాపణ అడగాల?" అంది. తరువాత, "మీ ఇంటాయనకు తెలుసునా?" అంది.

తెలియదన్నాను.

"ఆయనకు చెప్పు పో" అంది.

ఇంటికి వచ్చి చెప్పాను. నిలబడే చెప్పాను. మా ఆయన కెమెరా బ్యాగు సర్దుతున్నవాడు సర్దడం ఆపాడు. తిడతాడనుకున్నాను, కొడతాడేమో అని కూడా అనుకున్నాను. స్టూలు మీద కూర్చుండిపోయాడు.

"మే... ఈ మాట మొన్న పొద్దున సెప్పినా సాలు గదే" అన్నాడు. "అందరితో పాటు పోయి మూడు పిడికిళ్లు మట్టి ఏసొచ్చుండేవాణ్ణి గదే."

మరుసటి రోజు పొద్దున టీ కూడా తాగకుండా బయలుదేరాడు. ఎక్కడికని నేను అడగలేదు. గంట తరువాత వచ్చి గడప దగ్గరే కూర్చున్నాడు. పాదాలకు ఎర్రమట్టి.

"కొత్త సమాధులు రెండుండాయి. యాది ఆయప్పదో తెల్దు" అన్నాడు. "అడగదామంటే మొగం సాల్లేదు. రెండింటి కాడా నిలబడొచ్చినా."